షాపులో పనిచేస్తున్నారా? మీ భోజనం గంటను ఇలా దక్కించుకోండి

శ్రావణ శుక్రవారం. సాయంత్రం నాలుగూ ఇరవైకి బాక్సు మూత తీశాను. పొద్దున ఏడింటికి కట్టుకున్న అన్నం, బీరకాయ కూర. కూర అప్పటికే పులిసిన వాసన కొడుతోంది. మెట్ల మలుపులో నేలమీద కూర్చుని నాలుగు ముద్దలు తిన్నానో లేదో, పైనుంచి ఫ్లోర్ ఇన్‌ఛార్జి కేక వినిపించింది. "పట్టు సెక్షన్లో ఎవరూ లేరు, పెళ్లివాళ్లు వచ్చారు, తొందరగా రండి!" చెయ్యి కడుక్కుని పరిగెత్తాను. వాళ్లకి ఎనభై చీరలు దాకా విప్పి చూపించి, అన్నీ మళ్లీ మడతపెట్టేసరికి ఏడయింది. మిగిలిన అన్నం రాత్రి ఇంటికి తెచ్చి పారబోశాను.

ఆ షాపులో ఏడేళ్లు పనిచేశాను. భోజనానికి విరామం ఇవ్వాలని చట్టంలో రాసి ఉందన్న సంగతి మొదటి నాలుగేళ్లు నాకు తెలియనే తెలియదు. "కస్టమర్లు లేనప్పుడు తినండి" అనేవాళ్లు, అంతే. కస్టమర్లు రాని రోజు తిండి, వచ్చిన రోజు పస్తు. తెలిశాక కూడా దాన్ని ఎలా అడగాలో అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బట్టల షాపులు, నగల షాపులు, సూపర్ మార్కెట్లు, చెప్పుల షాపులు, ఫ్యాన్సీ స్టోర్లలో పనిచేసేవాళ్లని మనసులో పెట్టుకుని రాశాను. ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లకి కావలసింది చివర్లో క్లుప్తంగా ఉంది.

ముందు లెక్క తెలుసుకోండి

మనకి వర్తించేది 1988 నాటి షాపులు, సంస్థల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసింది. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తన పేరుతో కొనసాగించుకుంది. ఆ చట్టం మొదట రాసుకున్న లెక్క ఇది: రోజుకి 8 గంటల పని, వారానికి 48 గంటలు. ఏ ఉద్యోగి చేతా 5 గంటలకి మించి వరుసగా పని చేయించకూడదు, ఈలోపు కనీసం ఒక గంట విరామం ఇవ్వాలి. వారంలో ఒక రోజు సెలవు. పరిమితి దాటి చేయించిన పనికి రెట్టింపు జీతం.

2025లో ఈ లెక్కలో కొన్ని మార్పులు వచ్చాయి. తెలంగాణలో ఆ ఏడాది జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వాణిజ్య సంస్థల్లో, అంటే ఆఫీసుల్లాంటి చోట్ల, రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు. అక్కడ 6 గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి మొత్తం 12 గంటలు మించకూడదు. ఈ ఉత్తర్వు షాపులకి వర్తించదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "రూల్ మారింది, ఇప్పుడు పది గంటలు" అని తెలంగాణలో షాపుల ఓనర్లు కూడా చెప్పేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2025 సెప్టెంబరులో అసెంబ్లీ షాపుల చట్టానికి, ఫ్యాక్టరీల చట్టానికి కూడా సవరణ బిల్లులు ఆమోదించింది. రోజు పని 10 గంటలకి, విరామం లేకుండా చేయించగలిగే పని 5 నుంచి 6 గంటలకి పెరిగాయి. వారానికి 48 గంటలన్న పరిమితి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ అలాగే ఉంది.

ఆరు గంటలకి పెంచడం తప్పని నా అభిప్రాయం. నిలబడి చేసే పనిలో ఐదో గంట దాటాక కాళ్లు ఎలా ఉంటాయో కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకే తెలుసు. కానీ అడగడానికి వెళ్లేటప్పుడు మన దగ్గర సరైన అంకె ఉండాలి. తప్పు అంకె చెబితే ఓనర్ ఆ ఒక్కదాన్నే పట్టుకుని మొత్తం మాటే కొట్టేస్తాడు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు రెండున్నాయి. ఒకటి, విరామం పని గంటల్లో కలవదు. 8 గంటల పని, ఒక గంట భోజనం అంటే షాపులో మీరు ఉండాల్సింది 9 గంటలు. "ఎనిమిది గంటల్లోనే భోజనం కూడా" అని అడిగితే మన లెక్కే తప్పవుతుంది. పొద్దున 10 నుంచి రాత్రి 9.30 దాకా ఉంటున్నారనుకోండి. మొత్తం పదకొండున్నర గంటలు. నిజంగా గంట విరామం ఇచ్చినా పదిన్నర గంటల పని. వారానికి ఆరు రోజులంటే 63 గంటలు. 48 పోగా 15 గంటలు అదనం. ఆ విరామం కూడా ఇవ్వకపోతే 21 గంటలు.

రెండోది, షాపు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందన్నది వేరు, మీరు ఎన్ని గంటలు పనిచేయాలన్నది వేరు. 2023లో తెలంగాణ ప్రభుత్వం షరతులతో షాపులు 24 గంటలూ తెరుచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అది షాపు షట్టరు గురించి. మీ ఒంటి గురించి కాదు. ఎక్కువసేపు తెరవాలంటే ఇంకో షిఫ్టు మనుషుల్ని పెట్టుకోవాలి.

టీ విరామం గురించి షాపుల చట్టంలో విడిగా ఏమీ లేదు, అది షాపు ఆనవాయితీ. అయితే "రెండుసార్లు టీ ఇస్తున్నాంగా, భోజనానికి ఇరవై నిమిషాలు చాలు" అంటే ఒప్పుకోకండి. అలాగే కౌంటర్ వెనకే కూర్చుని, ఒక కన్ను కస్టమర్ మీద వేసి తినడం విరామం కాదు. ఎవరైనా వస్తే లేవాల్సిన పరిస్థితిలో ఉన్నారంటే మీరు డ్యూటీలో ఉన్నట్టే.

ఒక నోటుబుక్కు పెట్టండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని. పది రూపాయల చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్లో రాసుకున్నా పర్వాలేదు గానీ, చాలా షాపుల్లో ఫోన్లు లోపలికి రానివ్వరు, లాకర్లో పెట్టిస్తారు. బ్యాగులో పట్టే పుస్తకమే నయం.

ఇలా రాయాలి:

"12వ తేదీ, మంగళవారం. లోపలికి 9.50. భోజనానికి 3.40. పిలుపు 3.55, వెళ్లాను. మళ్లీ వదల్లేదు. బయటికి 9.40."

ఈ ఒక్క ముక్కలో ఎంత ఉందో చూడండి. 9.50 నుంచి 3.40 దాకా ఐదు గంటల యాభై నిమిషాలు ఆపకుండా పని. తెలంగాణ షాపయితే పరిమితి అక్కడే దాటిపోయింది. భోజనానికి దక్కింది పావుగంట. రోజు మొత్తం పదకొండు గంటల యాభై నిమిషాల్లో ఆ పావుగంట తీసేస్తే, పని పదకొండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. మీరు నోటితో "మాకు తినడానికి కూడా టైమివ్వరండీ" అంటే అది ఫిర్యాదు. ఈ పుస్తకం చూపిస్తే అది లెక్క.

రాసేటప్పుడు గుండ్రంగా సరిచేసి రాయకండి. 3.40ని నాలుగు అనకండి. ఏ రోజుది ఆ రోజే రాయండి, బస్సులోనో ఆటోలోనో ఇంటికి వెళ్తూ. వారం గడిచాక గుర్తుతెచ్చుకుని రాసింది చూడగానే తెలిసిపోతుంది, సిరా అంతా ఒకేలా ఉంటుంది.

మంచి రోజులు కూడా రాయండి. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. నా మొదటి పుస్తకంలో భోజనం దొరకని రోజులే రాసుకున్నాను. నెలకి పదకొండు రోజులు. దాన్ని పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళితే అక్కడి అధికారి తిరగేసి, "మిగతా పంతొమ్మిది రోజులేం జరిగిందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది సబబే. ఇంటికొచ్చి మర్నాటి నుంచి ప్రతి రోజూ రాయడం మొదలుపెట్టాను. గంట పూర్తిగా దొరికిన రోజు "1.30 నుంచి 2.30, పూర్తి" అని రాశాను. సెలవు రోజు "సెలవు" అని రాశాను. నెల తిరిగేసరికి ఆ పుస్తకాన్ని ఎవరూ తోసిపుచ్చలేని స్థితికి వచ్చింది.

మీతోపాటు ఇంకొకరు విడిగా రాసుకుంటే ఇంకా బలం. ఇద్దరి పుస్తకాల్లో ఒకే రోజు ఒకే టైములు కనబడతాయి. వాట్సాప్ గ్రూపులో "లంచ్‌లో ఉన్నవాళ్లు వెంటనే ఫ్లోర్‌కి రావాలి" లాంటి మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్ల నంబరుకి పంపి ఉంచండి. షాపు కాగితాలు, బిల్లు పుస్తకాలు, రిజిస్టర్లు ఫొటోలు తీసే పని మాత్రం పెట్టుకోకండి. దొంగతనం అంటగట్టడానికి అదొక్కటి చాలు.

మీరు అక్కడ పనిచేస్తున్నట్టు రుజువులు

అపాయింట్‌మెంట్ లెటరు, ఐడీ కార్డు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ లేదా ఫోన్‌పే మెసేజ్, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు. వీటిలో ఏవి ఉంటే అవి ఒక కవర్లో పెట్టి ఇంట్లో ఉంచండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో (పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన కొత్త చట్టాలివి) ఉద్యోగులకి అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వాలని ఉంది కాబట్టి, లేకపోతే ఆ పేరు మీదే అడగవచ్చు. జీతం చేతికిస్తున్నారా? తీసుకున్న రోజున మీ నోటుబుక్కులో తేదీ, మొత్తం రాసుకోండి.

అడగడానికి ఒక్కరే వెళ్లకండి, వట్టి చేతులతో వెళ్లకండి

ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్లండి. ఒక్కరు వెళితే "ఈ అమ్మాయికి పొగరు" అంటారు. ముగ్గురు వెళితే అది సెక్షన్ సమస్య అవుతుంది. అందులో ఒకరైనా పాతవాళ్లు, ఓనర్ గౌరవించేవాళ్లు ఉంటే మంచిది.

మనం విరామం అడగ్గానే ఓనర్‌కి కళ్లముందు కనబడేది ఖాళీ కౌంటరు. ఆయన టెన్షన్ అదే. అందుకే సమస్యతోపాటు దాని పరిష్కారం కూడా కాగితం మీద తీసుకెళ్లాలి. మా చీరల సెక్షన్లో ఆరుగురం. మూడు జంటలుగా విడిపోయాం. మొదటి జంట 12.30 నుంచి 1.30, రెండో జంట 1.30 నుంచి 2.30, మూడో జంట 2.30 నుంచి 3.30. ఎప్పుడు చూసినా కౌంటర్‌లో నలుగురు ఉంటారు. పొద్దున పదింటికి మొదలుపెడితే చివరి జంట కూడా ఐదో గంట దాటకముందే భోజనానికి వెళుతుంది. మూడో జంటకి ఆలస్యం అవుతుందని గొణుగుడు రాకుండా వారం వారం వరస మార్చాం. శనివారం, ఆదివారం మధ్యాహ్నం రద్దీ తక్కువ, సాయంత్రం ఎక్కువ కాబట్టి ఆ రోజులకీ ఇదే పనికొచ్చింది.

మీ సెక్షన్లో ఎందరున్నారో, ఏ గంటల్లో కస్టమర్లు తక్కువో మీకే బాగా తెలుసు. ముందు ఆ కాగితం తయారు చేయండి. ఇద్దరే ఉన్న చిన్న షాపయితే ఒకరి తర్వాత ఒకరు. ఒక్కరే ఉన్న షాపయితే ఆ గంట ఓనర్ కూర్చోవాలి, లేదా షట్టరు సగం దించాలి.

వెళ్లే టైము కూడా చూసుకోండి. నెలాఖరు వద్దు, శనివారం సాయంత్రం వద్దు, ఆషాఢం సేల్ మొదటి రోజు వద్దు. మామూలు రోజు పొద్దున పూజ అయ్యాక, బోణీ అయ్యాక, ఇంకా జనం రానప్పుడు వెళ్లండి. మాటలు ఇలా ఉండొచ్చు: "సార్, పని తగ్గించమని అడగట్లేదు. భోజనానికి గంట అందరికీ ఒకేలా వచ్చేట్టు ఒక వరస రాసుకొచ్చాం. కౌంటర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఒక వారం చేసి చూడండి." చట్టం పేరు మొదటి మాటలోనే ఎత్తాల్సిన పని లేదు. ఆయన కాదంటే అప్పుడు చెప్పండి.

వినబడే జవాబులు దాదాపు ఎక్కడైనా ఇవే. "సీజన్ అయ్యాక చూద్దాం" అంటారు. శ్రావణం అవగానే దసరా, దసరా అవగానే దీపావళి, ఆ తర్వాత పెళ్లిళ్లు, సంక్రాంతి. ఎప్పటి నుంచో తేదీ చెప్పమని మర్యాదగా అడగండి. సీజన్ పేరు చెప్పి ఓనర్ తనంతట తాను విరామం తీసేయలేడు. మినహాయింపు ఇవ్వగలిగేది ప్రభుత్వమే. అలాంటి ఉత్తర్వు ఉందంటే చూపించమనండి. "చేరేటప్పుడు ఒప్పుకునే సంతకం పెట్టారుగా" అంటే, చట్టం ఇచ్చినదానికన్నా తక్కువకి సంతకం పెట్టించుకున్నా అది చెల్లదని చెప్పండి. "ఇష్టం లేకపోతే మానేయండి" అంటే మాత్రం ఎదురు మాట్లాడకండి. బయటికొచ్చి ఆ రోజు తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారో రాసుకోండి.

నోటిమాట పనిచేయకపోతే కాగితం

వారం, పది రోజులు చూసి రాతపూర్వకంగా ఇవ్వండి. ఉత్తరం చిన్నగా ఉండాలి. కోపం ఉండకూడదు. కష్టాలన్నీ రాయకూడదు. ఇలా రాస్తే చాలు:

"మేనేజర్ గారికి,
మేము మీ షాపులో చీరల సెక్షన్లో పనిచేస్తున్నాము. పోయిన నెల 1వ తేదీ నుంచి 30వ తేదీ వరకు భోజన విరామం మాకు దొరికిన సమయాలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాము. షాపులు, సంస్థల చట్టం, 1988 ప్రకారం ఇవ్వాల్సిన గంట విరామం చాలా రోజులు దొరకలేదు. కౌంటర్ ఖాళీ కాకుండా అందరూ వంతులవారీగా భోజనానికి వెళ్లేలా ఒక పట్టిక కూడా జతచేశాము. వచ్చే సోమవారం నుంచి దీన్ని అమలు చేయవలసిందిగా కోరుతున్నాము.
తేదీ, పేర్లు, సంతకాలు."

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద "అందింది" అని సంతకం, తేదీ పెట్టించుకోండి. పెట్టనంటే గొడవ పడొద్దు. పోస్టాఫీసుకి వెళ్లి అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. ఆ రసీదు చాలు. అందరి సంతకాలూ ఒకే కాగితం మీద, ఒకే రోజు ఉండాలి. భయపడేవాళ్లని బలవంతం చేయకండి. సంతకం పెట్టి మర్నాడు వెనక్కి తీసుకునేవాళ్లు పదిమంది కన్నా, నిలబడే ముగ్గురు నయం.

లేబర్ ఆఫీసు

షాపుల మీద తనిఖీ చేసే అధికారం కార్మిక శాఖకి ఉంది. పట్టణాల్లో, మండలాల్లో సహాయ కార్మిక అధికారి ఉంటారు, అందరూ ఏఎల్‌ఓ అంటారు. మీ షాపు ఉన్న ఏరియా ఏ అధికారి కిందికి వస్తుందో జిల్లా లేబర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. మీ ఇల్లున్న చోటు కాదు, షాపున్న చోటు చూసుకోవాలి.

అర్జీలో షాపు పేరు, పూర్తి అడ్రసు, ఎంతమంది పనిచేస్తున్నారు, తెరిచే, మూసే టైములు, భోజన విరామం పరిస్థితి రాయండి. నోటుబుక్కు జిరాక్సు పెట్టండి, అసలు పుస్తకం ఇవ్వకండి. మీ పేరు బయటపెట్టవద్దని అనుకుంటే ఆ మాట అర్జీలోనే స్పష్టంగా రాయండి. తనిఖీకి ఏ టైములో వస్తే నిజం కనబడుతుందో కూడా రాయండి. మాకు ఇది బాగా ఉపయోగపడింది. పొద్దున పదకొండింటికి ఎవరొచ్చినా అంతా పద్ధతిగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడున్నరకి వస్తే లాకర్ల దగ్గర వరసగా మూత తీయని బాక్సులు కనబడతాయి.

అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1100కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అర్జీ నంబరున్న రసీదు లేకుండా మాత్రం వెనక్కి రావద్దు.

లాయరు అవసరమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేయవచ్చు. ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్ లాంటి కార్మిక సంఘాల ఆఫీసులు జిల్లా కేంద్రాల్లో ఉంటాయి, ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లని కలవండి. లేబర్ ఆఫీసులో ఎవరిని ఎప్పుడు కలవాలో వాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు.

కూర్చోవడం, నీళ్లు, బాత్రూమ్

భోజనం గంట గురించి అడిగేటప్పుడే వీటి గురించి కూడా అడగండి. సిగ్గుపడాల్సిన విషయం కాదు. మా సెక్షన్లో ఒకమ్మాయి మూడు నెలల్లో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకుంది. రోజుకి ఎన్ని నీళ్లు తాగుతావని డాక్టరమ్మ అడిగితే, "డ్యూటీలో తాగనండి" అంది. బాత్రూమ్ నాలుగో అంతస్తులో, వెళ్లాలంటే ఇన్‌ఛార్జిని అడగాలి, ఆయనేమో మగమనిషి. అందుకని నీళ్లే మానేసింది. మాలో సగంమంది అదే పని చేస్తున్నామని ఆ రోజు మాట్లాడుకుంటేనే తెలిసింది.

కేరళలో ఈ పోరాటం కూడా బాత్రూమ్ నుంచే మొదలైంది. కోజికోడ్‌లోని మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు, కుట్టుపని చేసే పి. విజి ముందు నిలబడగా, మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. రోజంతా ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వని షాపులవి. 2018లో కేరళ ప్రభుత్వం తన షాపుల చట్టాన్ని సవరించి, ఉద్యోగులకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఇప్పుడు దేశమంతటికీ వర్తించే వృత్తి భద్రత కోడ్‌లో, పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలన్న మాట చేరింది. కాబట్టి మీ షాపులో పదిమంది ఉంటే స్టూళ్లు అడగడానికి వెనకాడకండి. కస్టమర్ లేనప్పుడు కూర్చుంటే షాపు పరువేమీ పోదు.

పాలిచ్చే తల్లులకి

మెటర్నిటీ సెలవు అయ్యాక డ్యూటీలో చేరినవాళ్లకి, బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు అదనంగా ఉంటాయి. భోజన విరామంలో వీటిని కలపకూడదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండిన ఈ హక్కు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. పదిమందికి తగ్గకుండా పనిచేసే షాపులకి ఇది వర్తిస్తుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది కూడా ఉండాలి, తల్లిని రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. మన పెద్ద పెద్ద షోరూముల్లో 50 మంది తేలిగ్గా ఉంటారు. ఆ గది ఎక్కడుందని ఎవరూ అడగకపోవడం వల్లే అది గోడౌనుగా మిగిలిపోతోంది.

పనిలోంచి తీసేస్తే

ఈ భయం నిజమైనదే, లేదని చెప్పను. అడిగినందుకు తీసేసిన షాపులున్నాయి. అయితే వరుసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదని షాపుల చట్టంలోనే ఉంది. తీసేసేటట్టయితే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. అలా చేయకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యం చేయకుండా ఆ వారంలోనే వెళ్లండి. "రేపటి నుంచి రావద్దు" అని నోటితో అన్నారా? మర్నాడు మామూలు టైముకే షాపుకి వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే అక్కడి నుంచే మేనేజరుకి వాట్సాప్‌లో "ఈ రోజు 9.50కి డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని పంపండి. లేకపోతే "తనే మానేసింది" అని రాసుకుంటారు. తెల్ల కాగితం మీదా, రాజీనామా కాగితం మీదా సంతకం పెట్టకండి. బాకీ జీతం ఇస్తామని ఆశపెట్టినా పెట్టకండి.

ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లకి

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. ఆంధ్రప్రదేశ్ సవరణలో ఇది కూడా 6 గంటలైంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో పని గంటల మధ్య విరామం ఎంతన్నది ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటుంది కాబట్టి, మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరుండే పని వేళల నోటీసు ముందు చదవండి. 50 మందికి మించి ఉంటే భోజనాల గది, విశ్రాంతి గది, 100 మంది ఉంటే క్యాంటీను ఉండాలని కొత్త కోడ్‌ చెబుతోంది, కాంట్రాక్టు కార్మికులని కూడా లెక్కలో కలుపుకునే. ఇక్కడ ఫిర్యాదు వెళ్లాల్సింది ఫ్యాక్టరీల శాఖకి, ఏఎల్‌ఓకి కాదు. నోటుబుక్కు మాత్రం మీకూ అంతే అవసరం.

గంట వచ్చాక

విరామం సాధించడం కన్నా నిలబెట్టుకోవడం కష్టమని నాకు తర్వాత తెలిసింది. మా వంతుల పట్టికను లాకర్ల పక్కన అద్దానికి అతికించారు. మొదటి వారం బాగానే నడిచింది. రెండో వారం ఇన్‌ఛార్జి మెట్ల దగ్గర నిలబడి "ఒక్కరు రండమ్మా, ఐదు నిమిషాలే" అన్నారు. మాలో ఒకమ్మాయి లేవబోయింది. పక్కనున్న అక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "రెండున్నరకి వస్తాం సార్, పైన నలుగురున్నారు" అంది. ఆయన ఒక్క క్షణం చూసి వెళ్లిపోయారు. ఆ రోజు ఒక్కరు లేచి ఉంటే పట్టిక అద్దం మీదే ఉండేది, మేం మళ్లీ నాలుగింటికి తినేవాళ్లం.

కాబట్టి పిలిస్తే వెళ్లకండి. మీ గంట పూర్తయ్యేదాకా కూర్చోండి, తినడం పదిహేను నిమిషాల్లో అయిపోయినా సరే. కాళ్లు చాపుకోండి, ఇంటికి ఫోన్ చేసుకోండి, కాసేపు కళ్లు మూసుకోండి. అయిపోగానే టైముకి లేవండి, ఎందుకంటే మీ తర్వాతి జంట ఆకలితో చూస్తుంటారు. కొత్తగా ఎవరైనా చేరితే మొదటి రోజే, లాకరు చూపించేటప్పుడే, వాళ్లది ఏ వంతో చెప్పండి. నోటుబుక్కు రాయడం ఆపకండి, "1.30 నుంచి 2.30, పూర్తి" అని ఒక్క ముక్కే అయినా.